హాజరమ్మ పది వేళ్ళు

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, లాండ్రీలో దాన్ని పలికినవాళ్ళు లేరు. అందరికీ ఆమె హాజరమ్మ. ఆ పేరు ఊరికే రాలేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి, గేటు దాటగానే గోడకి బిగించిన వేలిముద్రల మిషను ముందు నిలబడి, తన పది వేళ్ళూ ఒకదాని తరవాత ఒకటి అద్దం మీద ఆనిస్తుంది. పదిసార్లు పచ్చదీపం వెలుగుతుంది. పదిమంది ఆడవాళ్ళు పనిలోకి వచ్చినట్టు లెక్క. ఆ పదిమందిలో ఆమె ఒకతె. మిగతా తొమ్మిదిమందీ వెనకాల వరసగా నిలబడి, తమ వేలు ఎప్పుడు పడుతుందా అని మెడలు సాచి చూస్తుంటారు.

ఇదేం మోసమని కళ్ళెర్రజేసే ముందు కాస్త ఆగండి. అది ఆసుపత్రుల దుప్పట్లూ, హోటళ్ళ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీ. ఒక పక్క బ్లీచింగు నీళ్ళు, ఇంకో పక్క ఆవిరి కక్కే ఇస్త్రీ రోలర్లు. పదేళ్ళు ఆ రెంటి మధ్య పనిచేసిన చేతికి గీతలు మిగలవు, వేలి కొసలు నున్నబడిపోతాయి. నాలుగేళ్ళ కిందట హెడ్డాఫీసు నుంచి ఈ మిషను దిగిన రోజున, ఆ తొమ్మిదిమందీ వేళ్ళు పెట్టగా పెట్టగా అది తియ్యటి గొంతుతో "మళ్ళీ ప్రయత్నించండి" అనడం తప్ప ఇంకో మాట పలకలేదు. కొంగుతో తుడిచారు, ఊదారు, నూనె రాశారు, చివరికి తిట్టారు. మధ్యాహ్నం లోపు అందరి ముద్రలూ ఎక్కించి తీరాలని మేస్త్రీకి పైనుంచి ఒకటే ఫోన్లు.

హాజరమ్మది మడతల విభాగం. ఆరిన బట్ట తప్ప తడి తగలని చేతులు. ఆమె వేలిని మిషను మొదటిసారే గుర్తుపట్టింది. మేస్త్రీ ఆమె చేతులకేసి చూశాడు, తరవాత గడియారంకేసి చూశాడు.

"అమ్మా, మిషనుకి ఒక్క వేలు చాలు. దేవుడు నీకు పది ఇచ్చాడు. మిగతావి ఖాళీగానే ఉన్నాయిగా?" అన్నాడు.

అలా ఆమె కుడి చూపుడువేలు ఆమెకే మిగిలింది. కుడి బొటనవేలు తోడికోడలి పేరున ఎక్కింది. వరసకి పెద్దది, వయసుకీ పెద్దది, అందుకని పెద్ద వేలు. ఎప్పుడూ ఎవరితోనో ఒకరితో గొడవపడే ఆవిడకి ఎడమ చిటికెన వేలు వచ్చింది. నాకే ఎందుకు చిన్న వేలు అని ఆవిడ వారంరోజులు మొహం మాడ్చుకుంది కూడా. చివరికి అందరూ ఆవిడ్ని చిటికెన అనే పిలవడం మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి హాజరమ్మ చేతులకి తొమ్మిదిమంది అత్తగార్లు తయారయ్యారు. కూరగాయలు నువ్వు తరక్కు, చాకు తెగుతుందంటారు. వేడి గిన్నె ముట్టుకోకంటారు. ఒకసారి ఎడమ మధ్యవేలికి గాజుపెంకు గీసుకుంటే, ఆ వేలుగల ఆవిడకి రెండు రోజుల హాజరు పోయింది. లాండ్రీ లాండ్రీ అంతా మందు పట్టుకొచ్చి ఆమె చుట్టూ మూగింది. ఆమె మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు, మాట సరదా మనిషి. "నీ చెయ్యి పట్టుకోవాలంటే తొమ్మిదిమంది దగ్గర పర్మిషన్ తీసుకోవాలి" అనేవాడు. ఆమె నవ్వేది గానీ, లోపల ఒక గర్వం కూడా ఉండేది. జ్వరమొచ్చినా, ముసురు పట్టినా ఎనిమిది కల్లా మిషను దగ్గరుండేది. తను ఒక్కతే సెలవు పెడితే పదిమంది సెలవు. నాలుగేళ్ళలో అలాంటి రోజు ఒక్కటీ రానివ్వలేదు.

అంత నిబ్బరంగా ఉన్న మనిషి, ఆ సోమవారం పొద్దున చేతికొచ్చిన ఉత్తరం చదివి కూలబడిపోయింది.

ఉత్తరం కంపెనీది. అందరికీ ఒకటే. హెడ్డాఫీసు కంప్యూటర్లలో ఉద్యోగుల వివరాలు దాచిన చోటు సరైన తాళం లేకుండా ఉండిపోయిందట. ఎవరో బయటివాళ్ళు అందులోవన్నీ కాపీ చేసుకుపోయారట. పేరు, ఇంటి చిరునామా, బ్యాంకు వివరాలు, వేలిముద్ర. "జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని కింద అచ్చేసి ఉంది. అసౌకర్యమట. ఇంట్లో దొంగలు పడితే పక్కింటాయన వచ్చి తలుపు కాస్త కిర్రుమంటోందన్నట్టు.

అందరికీ ఒక్కో వేలు పోయింది. హాజరమ్మకి పదీ పోయాయి. ఆమె బ్యాంకులో డబ్బు తియ్యాలన్నా వేలే, గుర్తింపు కార్డు చూపించాలన్నా వేలే, సెల్‌ఫోను తెరవాలన్నా వేలే. ఆ సంగతి ముందు ఆమెకి తట్టలేదు. ఆమెకి ముందు తట్టింది ఇంకొకటి. ఆ దొంగ సరుకు ఎవరైనా గుర్తింపు కార్డుల ఆఫీసులో పోల్చి చూస్తే, పది పేర్ల కింద ఉన్న పది ముద్రలూ ఒకే ఆడదానివని నిమిషంలో తేలిపోతుంది. అప్పుడు అక్క గతేమిటి?

అక్క అంటే తోడికోడలే. రెండేళ్ళ కిందట బావగారు పోయాక వాళ్ళ వాటాలోనే ముందుగదిలో ఉంటోంది. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లాండ్రీలో ఇస్త్రీ రోలరు దగ్గర పందొమ్మిదేళ్ళ నాలుగు నెలల నుంచి నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళు నిండితే పింఛను. ఇంకా ఎనిమిది నెలలు. అందులో ఆఖరి నాలుగేళ్ళ హాజరూ హాజరమ్మ బొటనవేలు. అది దొంగ హాజరని కొట్టేస్తే ఇరవై కాస్తా పదహారవుతుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి మళ్ళీ ఎక్కడ నిలబడుతుంది?

ఆ రోజు నుంచి హాజరమ్మకి తిండి సయించలేదు. ఏ గాజు ముట్టుకున్నా భయం. టీ తాగిన గ్లాసు కొంగుతో తుడిచి పెట్టేది. తలుపు గొళ్ళెం తుడిచేది, అద్దం తుడిచేది. "పోయిన ముద్రలు పోనేపోయాయి, ఇప్పుడు ఇల్లు తుడిస్తే ఏమొస్తుందే" అన్నాడు మొగుడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆమెకీ తెలుసు. అయినా తుడిచేది.

బుధవారం సాయంత్రం కార్మిక సంఘం గదిలో లాయరమ్మ వస్తుందంటే పదిమందీ వెళ్ళారు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద పాత క్యాలెండరు, ఆగి ఆగి తిరిగే ఫ్యాను. లాయరమ్మకి ముప్ఫై అయిదుంటాయి. కళ్ళజోడు తలమీదకి తోసుకుని, అరటిపండు ఒలిచినట్టు చెప్పింది.

"మీ చేతిలో ఉన్నవి ఇవి. మొదటిది, కంపెనీ దగ్గర మీ గురించి ఏమేమి ఉందో మొత్తం కాపీ ఇమ్మని రాతపూర్వకంగా అడగొచ్చు. నెలలోపు ఇవ్వాలి. రెండోది, అందులో తప్పుంటే సరిచెయ్యమనొచ్చు. మూడోది, ఇలాంటి లీకులు చూసే అధికారికి ఫిర్యాదు. నాలుగోది, మీకు జరిగిన నష్టానికి పరిహారం కేసు. విడివిడిగా కాకుండా అందరూ కలిసి వెయ్యొచ్చు. కేసు వేసినందుకు ఉద్యోగంలోంచి తియ్యడానికి వీల్లేదు."

"తీస్తే?" అంది చిటికెన.

"తీస్తే అదింకో కేసు. ఇప్పుడు ముఖ్యంగా వినండి. కంపెనీ మీకో కాగితం ఇస్తుంది. మీ ఖాతాలు ఏడాదిపాటు ఉచితంగా కనిపెట్టి చూస్తాం, సంతకం పెట్టండి అంటుంది. కింద చిన్నక్షరాల్లో, ఇక మేం కేసు వెయ్యబోం అని ఉంటుంది. నాకు చూపించకుండా పెట్టొద్దు."

తరవాత ఒక్కొక్కరికీ ఓ ఫారం ఇచ్చింది. ఫలానా తేదీన నా వేలిముద్ర కంపెనీ తీసుకుంది, అది ఇప్పుడు బయటికి పోయింది, ఇది నిజమని ప్రమాణం చేస్తున్నాను అని. పదిమందీ ఆ ఫారాల్ని పట్టుకుని, ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా ఫ్యాను కేసి చూశారు. ఎవరి వేలిముద్ర? తేలు కుట్టిన దొంగల్లా లేచి, రేపిస్తామమ్మా అని చెప్పి వచ్చేశారు.

రెండోరోజు హాజరమ్మ ఒక్కతే వెళ్ళింది. అంతా చెప్పేసింది. లాయరమ్మ మధ్యలో ఒకసారి ఆమె చేతులు చూపించమంది, చూసింది, కళ్ళజోడు దించి పెట్టుకుంది.

"మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. భయపడకండి. కానీ అబద్ధమని తెలిసీ ఆ ప్రమాణపత్రాలు నేను కోర్టులో వెయ్యలేను."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"రెండే దార్లు. కేసు వదిలేయడం, లేకపోతే జరిగింది జరిగినట్టు చెప్పడం. ముందు మీ పదిమంది ఫైళ్ళూ అడుగుదాం. వాళ్ళ దగ్గర ఏముందో చూడకుండా మనం నోరు తెరవొద్దు." తరవాత, "ఇంకేమైనా ఉందా? నాకు చెప్పనిది?" అంది.

"లేదమ్మా" అంది హాజరమ్మ.

ఉంది. దాన్ని ఆమె మొగుడికీ చెప్పలేదు, అక్కకీ చెప్పలేదు. రెండేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. లాయరు దగ్గరా డాక్టరు దగ్గరా దాచకూడదని అందరూ చెబుతారు గానీ, చెప్పాల్సినచోట నోరు పెగిలితేగా.

వారం తిరక్కుండా మేనేజరు ఆమెని గదిలోకి పిలిచాడు. మేస్త్రీ కూడా ఉన్నాడు, గోడవారగా, తన చెప్పులకేసి చూసుకుంటూ. మేనేజరు నెమ్మదస్తుడు. గట్టిగా అరిచేవాడైతే ఆమెకి అంత భయం వేసేది కాదు.

"కూర్చోండమ్మా. హెడ్డాఫీసు వాళ్ళు ముద్రలన్నీ ఒకసారి చూశారు. పది వేళ్ళూ ఒకే మనిషివని తేలింది" అన్నాడు. "దీన్ని నకిలీ హాజరంటారు. నాకు మీరంటే గౌరవం ఉంది. దీన్ని పెద్దది చెయ్యడం నాకిష్టం లేదు."

ఒక కట్ట కాగితాలు ఆమె వైపు జరిపాడు. పది. పైన ఏడాదిపాటు ఉచిత సేవ, కింద చిన్నక్షరాలు.

"నెలాఖరులోపు పది సంతకాలూ మీరే తెచ్చివ్వండి. పాత సంగతులు ఎవరూ తవ్వరు. మీ తోడికోడలు గారికి ఎనిమిది నెలలే ఉందటగా. ప్రశాంతంగా వెళ్ళిపోతారు."

ఆ మనిషి ఆమె భయం ఎక్కడుందో చూసి సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. బయటికి వచ్చాక మేస్త్రీ వెనకాలే వచ్చి, "ఏమనుకోకమ్మా, నాకూ పిల్లలున్నారు" అన్నాడు. ఏమనుకోకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు టీ వేళ బట్టల మూటల వెనక పదిమందీ కూర్చుని తగువులాడుకున్నారు. పెట్టేద్దాం, పీడా పోతుందని కొందరు. పోయిన చిరునామాలూ బ్యాంకు నంబర్లూ వాళ్ళు తెచ్చిస్తారా అని కొందరు. మధ్యలో చిటికెన హఠాత్తుగా, "అసలు పోయినవన్నీ హాజరమ్మ వేళ్ళు. పరిహారం వస్తే దానికే వస్తుంది. మనం మధ్యలో ఉద్యోగాలు ఎందుకు పోగొట్టుకోవాలి?" అంది.

నాలుగేళ్ళు ఎవరి కోసం జ్వరంలో పరిగెత్తుకొచ్చిందో వాళ్ళ నోట అది విని హాజరమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. వచ్చినా మింగింది. చిటికెన చెప్పినదాంట్లో నిజం కూడా ఉందని ఆమెకి తెలుసు, అదే ఎక్కువ మండింది. అక్క మాత్రం గ్లాసులన్నీ తీసుకెళ్ళి కడిగి తెచ్చింది.

ఆ కాగితాల కట్ట హాజరమ్మ సంచీలో మూడు వారాలు ఇంటికీ లాండ్రీకీ తిరిగింది. రెండుసార్లు తన కాగితం మీద సంతకం పెట్టబోయి ఆగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకాలు పెడితే పది వేళ్ళూ ఎవడి చేతిలో ఉన్నాయో, రేపు ఏ పేరున ఏం చేస్తాడో, నోరెత్తడానికి ఉండదు. పెట్టకపోతే అక్క వీధిలో పడుతుంది. రోజులు లెక్కపెడుతూ ఉండగా, ఫైళ్ళు అడిగిన ఇరవై ఆరో రోజున పది కవర్లొచ్చాయి. కంపెనీ ఫైళ్ళు పంపింది.

సంఘం గదిలో బల్ల మీద వాటిని పరిచి లాయరమ్మ గంటన్నరసేపు చదివింది. పదిమందిలో అయిదుగురే వచ్చారు. లాయరమ్మ ఒక కాగితం పక్కన పెట్టింది. ఇంకొకటి పెట్టింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వడం వాళ్ళు అప్పుడే చూడటం.

"ఇది చూడండి. మిషనులో మీ ముద్రలు ఎక్కించిన వివరం. పది పేర్లు ఆరు నిమిషాల్లో, మేస్త్రీ కోడుతో. పక్కన ఏమని రాసుకున్నారో చూశారా? 'వేళ్ళు పడనివారికి ప్రత్యామ్నాయ ఏర్పాటు, మేనేజరు అనుమతితో.' అంటే ఇది మీరు చేసిన మోసం కాదు. వాళ్ళు చేసుకున్న ఏర్పాటు. రాసుకుని మరీ చేశారు."

"మరి మా అక్క సర్వీసు?" అంది హాజరమ్మ. ఆమెకి కావలసింది అదొక్కటే.

"పనిలో ఉన్నట్టు మిషను ఒక్కటే సాక్ష్యం కాదుగా. ఆవిడ పేరుతో ఉన్నవన్నీ ఇమ్మన్నాం కదా, ఇదీ పంపారు." ఒక లావుపాటి కట్ట ఎత్తి చూపించింది. లాండ్రీలో దాన్ని మాడుపుస్తకం అంటారు. ఇస్త్రీలో ఎవరి చేతిలో ఏ బట్ట మాడిందో, తేదీ, వేళ, మందలించిన మేస్త్రీ సంతకం. "నాలుగేళ్ళలో మీ అక్కగారి చేతిలో నూట పన్నెండు మాడాయి. ప్రతి నెలలోనూ ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఆవిడ సంతకం ఉంది. పనిలో లేని మనిషి బట్టలు ఎలా మాడుస్తుంది?"

అక్క సిగ్గుతో తల వంచుకుంది. "కళ్ళు సరిగ్గా ఆనవమ్మా" అంది.

"ఇంకాస్త మాడ్చి ఉంటే ఇంకా బాగుండేది" అంది లాయరమ్మ. అయిదుగురూ నవ్వారు. నెలరోజుల్లో మొదటిసారి హాజరమ్మ కూడా నవ్వింది. కేసు వెయ్యొచ్చు. జరిగింది జరిగినట్టు చెప్పొచ్చు. గెలుస్తామని చెప్పలేను గానీ, నకిలీ అని మిమ్మల్ని బెదిరించడం మాత్రం వాళ్ళకిక తేలిక కాదు అంది లాయరమ్మ.

ఆ నవ్వుల్లోనే అక్క, కళ్ళజోడు పెట్టుకుని తన ఫైలు ఒక్కో పేజీ తిప్పుతోంది. తేదీ, వేళ, హాజరు. తేదీ, వేళ, హాజరు. హాజరమ్మ ఆ వేలు ఏ పేజీ వైపు వెళుతోందో చూసింది. లాక్కుందామా అనుకుంది.

అక్క వేలు ఆగింది.

"ఇదేంటే?" అంది.

మూడు రోజులు. రెండేళ్ళ కిందటివి. బావగారు ఆసుపత్రిలో ఉన్న ఆఖరి మూడు రోజులు. మొదటిరోజు ఎనిమిదీ ఒకటికి హాజరు. రెండోరోజు ఎనిమిదీ నాలుగుకి హాజరు. మూడోరోజు ఎనిమిదీ రెండుకి హాజరు. ఆ మూడోరోజు ఎనిమిదింపావుకే ఆయన పోయాడు.

హాజరమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "నువ్వు రావడం లేదని మేస్త్రీకి చెప్పమన్నావు. చెప్పలేదక్కా. నీ సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి. ఇంకొక్కటి పెడితే సర్వీసు తెగ్గొడతారన్నారు. నేనే వేలు పెట్టేశాను. నీ వంతు దుప్పట్లు మేమే తలా కాసిని ఇస్త్రీ చేశాం. నీకు మేలు చేస్తున్నాననుకున్నాను."

లాయరమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కాగితాలు ముందుకి లాక్కుని చూసింది. మాడుపుస్తకంలో ఆ మూడు రోజులకి ఏమీ లేదు. ఉండదు కూడా. లాయరమ్మ మెల్లగా అంది: "దీన్ని కంపెనీ పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు. ప్రమాణపత్రంలో అబద్ధం రాయను, కానీ వాళ్ళు అడగనిది మనంతట మనం ఎత్తాల్సిన పనీ లేదు. ఎత్తితే మన కర్ర మనమే వాళ్ళ చేతికిచ్చినట్టు. నాలుగేళ్ళూ ఇలాగే అంటారు. సర్వీసు చిక్కుల్లో పడొచ్చు. బాగా ఆలోచించుకోండి."

గదిలో ఫ్యాను ఆగి, మళ్ళీ తిరిగింది. అక్క తిడుతుందని, కొడుతుందని, కనీసం ఏడుస్తుందని హాజరమ్మ చూసింది. అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"తప్పుంటే సరిచెయ్యమని అడగొచ్చన్నారు కదమ్మా, మొదటిరోజు" అంది లాయరమ్మతో.

"అడగొచ్చు."

"అయితే అడగండి."

"అక్కా, వద్దు" అంది హాజరమ్మ. "ఎనిమిది నెలలక్కా. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు" అంది అక్క. ఆ గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. "ఎనిమిదీ రెండుకి నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. నీళ్ళు కావాలన్నారు, చెంచాతో పోశాను. ఇందులో చూస్తే అప్పుడు నేను లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. ఇది ఎవడో దొంగ కాపీ చేసుకుపోయాడన్నారు. ఎవడెవడి దగ్గరో ఉందన్నారు. రేపెవడైనా చదివితే, మొగుడు పోతుంటే ఇస్త్రీకి పోయిన ఆడదాన్నవుతాను. పింఛను ఇస్తే ఇస్తారు, లేకపోతే మానేస్తారు. ఈ మూడూ మాత్రం ఉండటానికి వీల్లేదు."

హాజరమ్మ ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క ఆమె తలమీద చెయ్యి వేసింది గానీ, ఏడవకు అనలేదు. చెల్లెలి మీద కోపం పూర్తిగా పోలేదు మరి. అలాంటి కోపం ఒక్క పూటలో పోదు, పోనవసరమూ లేదు.

మర్నాడు హాజరమ్మ ఆ పది కాగితాలూ, సంతకాలు లేకుండా, మేనేజరు బల్లమీద పెట్టి వచ్చింది. కేసులో ఆరుగురే చేరారు. నలుగురు కంపెనీ సేవకే సంతకం పెట్టి ఇచ్చారు. చేరిన ఆరుగురిలో చిటికెన ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే గొడవపడుతుందని. విచారణ తేలేదాకా హాజరమ్మని ఇంటి దగ్గరే ఉండమన్నారు. అదింకో కేసని లాయరమ్మ అంది. గేటు దగ్గర మిషను తీసేసి రిజిస్టరు పెట్టారు. వేలు పడని తొమ్మిదిమందీ ఇప్పుడు తమ సంతకాలు తామే పెడుతున్నారు. అక్క సర్వీసు సంగతి కేసుతో పాటే తేలుతుందట. ఇప్పటికి తేలలేదు. హాజరమ్మకి ఇంకా నిద్ర సరిగ్గా పట్టడం లేదు, గ్లాసులు ఇంకా తుడుస్తూనే ఉంది.

సరిచెయ్యమన్నదానికి మాత్రం జవాబొచ్చింది. రెండు వాక్యాల ఉత్తరం, దాంతో పాటు కొత్తగా అచ్చేసిన ఒక పేజీ. హాజరమ్మే విప్పి అక్కకిచ్చింది. అక్క కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో చదువుకుంది. మూడు తేదీలు, వాటి పక్కన ఇదివరకటి మాట కొట్టేసి, మూడుసార్లు గైర్హాజరు అని ఉంది.

"ఆయన పక్కనే ఉన్నాను" అంది అక్క. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. తరవాత పేజీని హాజరమ్మ చేతికిచ్చి, నువ్వూ చదువు అంది.